పందెం సీజనుకు ముందే చెప్పగల జోస్యం





సంక్రాంతి దగ్గర పడుతోంది. చెన్నై, హైదరాబాదు, విశాఖ వైపు పనులకెళ్లిన మనవాళ్లు సంచులు భుజాన వేసుకుని పలాసలో, నౌపడలో రైలు దిగే రోజులివి. నెలల తరబడి ఒళ్లు వంచి కూడబెట్టిన కూలి డబ్బు ఊళ్లోకి వచ్చేది ఇప్పుడే. దాని వెనకే ఇంకో మాట కూడా ఊళ్లోకి దిగుతుంది. "ఈ సీజనుకి ఏది గెలుస్తాదంటావు?"

ఆ మాట కోడి గురించి కావచ్చు. హైదరాబాదు మలక్‌పేట రేసుకోర్సులో పరిగెత్తే గుర్రం గురించి కావచ్చు. ఇప్పుడు చేతిలో ఫోనుంది కాబట్టి, మనం ఎన్నడూ చూడని దేశంలో కంచెలు దూకే గుర్రం గురించి కూడా కావచ్చు. అడిగేవాళ్లు ఎంతమందో, చెప్పేవాళ్లూ అంతమంది. ఒకరు పంచాంగం తీస్తారు, ఒకరు గుర్రం వంశం చెప్తారు, ఇంకొకరు "నా టిప్పు తప్పదు" అని మీసం తిప్పుతారు.

ఇక్కడ మీరు ఒక న్యాయమైన ప్రశ్న అడగొచ్చు. "ఊరికే ఏది గెలుస్తుందో చెప్పడంలో తప్పేటి? చెప్పినోడు కోడిని చంపలేదు, ఎవరి జేబూ కొట్టలేదు, తాగి తూలలేదు. తనకి తోచింది చెప్పాడు. పంచశీలలో ఏ శీలం తప్పాడు?"

ప్రశ్న గట్టిదే. "జూదం పాపం" అని ఒక్క ముక్క అనేసి తప్పించుకుంటే దానికి జవాబు చెప్పినట్టు కాదు. నెమ్మదిగా చూద్దాం.

జోస్యమంతా తప్పు కాదు

ముందు జరగబోయేది చెప్పడాన్ని ధమ్మం కాదనదు. ఇది ఉంటే అది కలుగుతుంది, ఇది లేకపోతే అది కలగదు అని చెప్పే పటిచ్చసముప్పాదమే బుద్ధుని బోధకు వెన్నెముక. కారణం తెలిసినవాడు ఫలితం ముందే చెప్పగలడు.

మన తీరంలోనే చూడండి. నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసే మనిషి ఆకాశం చూసి, గాలి చూసి, "బేగి కప్పండి, వాన వచ్చేలా ఉంది" అంటాడు. అదీ జోస్యమే. 1999లో ఒడిశాను మహా తుపాను కొట్టినప్పుడు సుమారు 10 వేల మంది చనిపోయారు. 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చినప్పుడు వాతావరణ శాఖ ముందే చెప్పింది, లక్షల మందిని తీరం నుంచి తరలించారు, చావులు పదుల్లో ఆగాయి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరిని, జీడిని నేలకూల్చింది. చెట్లను ఏ హెచ్చరికా కాపాడలేకపోయింది గానీ, పక్కా భవనంలోకి వెళ్లి తలదాచుకున్న మనుషుల్ని ఆ ముందుమాటే కాపాడింది.

కాబట్టి ఏ జోస్యాన్నైనా మూడు ప్రశ్నలతో పరీక్షిద్దాం. ఒకటి: ఈ మాట కారణాల మీద నిలబడిందా, ఆశ మీద నిలబడిందా? రెండు: మాట తప్పితే నష్టం ఎవరిది? మూడు: మాట నిజమైతే మేలు ఎవరికి?

తుపాను హెచ్చరిక మూడింటికీ నిలుస్తుంది. అది గాలి, సముద్రపు వేడి, మేఘాల కదలిక చూసి చెప్పిన మాట. తప్పితే ఒక రాత్రి బడి గదిలో పడుకున్నందుకు మనకు కాస్త విసుగు. నిజమైతే ప్రాణం నిలుస్తుంది. చెప్పినవాడు మన దగ్గర పైసా పుచ్చుకోడు, మనం నష్టపోతే అతనికి లాభమూ లేదు.

ఇప్పుడు ఇదే తూకంలో పందెం జోస్యాన్ని పెడదాం.

మొదటి ప్రశ్న: దేని మీద నిలబడింది?

కోడి పందాలకు కుక్కుట శాస్త్రం ఉందంటారు. ఏ వారం, ఏ తిథి, ఏ నక్షత్రం నాడు ఏ రంగు కోడి గెలుస్తుందో, ఏ దిక్కు నుంచి బరిలోకి దించాలో అందులో చెప్తారు. డేగా, కాకా, నెమలా అని రాత్రంతా లెక్కలేస్తారు. ఒక్కసారి ఆలోచించండి. ఇటువైపు వాడూ ఆ పుస్తకమే చూశాడు, అటువైపు వాడూ ఆ పుస్తకమే చూశాడు. ఇద్దరికీ గెలుపే కనిపించింది కాబట్టే ఇద్దరూ దిగారు. ఒకడు ఓడాడు. ఓడినవాడు పుస్తకాన్ని తప్పుపట్టడు, "నా లెక్కలో తేడా వచ్చింది" అనుకుని మళ్లీ కాస్తాడు. కాలికి కత్తి కట్టిన కోడికి ఆరోజు ఏ వారమో తెలీదు. ఒక్క వేటు ఎటు పడితే అటు ప్రాణం పోతుంది.

కాలాములకు బుద్ధుడు చెప్పినది ఇలాంటి చోటే పనికొస్తుంది. ఏ మాటనైనా గ్రంథంలో ఉందని, పెద్దలు అన్నారని, నలుగురూ అనుకుంటున్నారని నమ్మొద్దు, మీ అనుభవంలో పరీక్షించి, మేలు చేస్తే పట్టుకోండి, కీడు చేస్తే వదిలేయండి అన్నది ఆ బోధ సారం.

గుర్రాల సంగతి వేరంటారు. అందులో కొంత నిజముంది. మలక్‌పేటలో నిజాం కాలం నుంచీ రేసులు నడుస్తున్నాయి. వానాకాలం సీజను ఒకటి, చలికాలం సీజను ఒకటి. అక్కడ జోస్యం చెప్పేవాళ్లు నక్షత్రాలు చూడరు. గుర్రం తల్లిదండ్రులెవరు, కిందటిసారి ఎంత దూరం ఎంతసేపట్లో పరిగెత్తింది, వీపు మీద ఎంత బరువు మోస్తోంది, జాకీ ఎవరు, నేల తడిగా ఉందా పొడిగా ఉందా, ఇవన్నీ చూస్తారు. 1996లో సుప్రీంకోర్టు కూడా, డాక్టర్ కె.ఆర్. లక్ష్మణన్‌కు తమిళనాడు ప్రభుత్వానికి మధ్య కేసులో, గుర్రప్పందెం ఒట్టి అదృష్టం కాదు, నైపుణ్యం ప్రధానమైన ఆట అని తీర్పు చెప్పింది.

సరే, నైపుణ్యమే. కానీ కోర్టు అడిగే ప్రశ్న వేరు, ధమ్మం అడిగే ప్రశ్న వేరు. అది జూదమా, నైపుణ్యమా అని చట్టం అడుగుతుంది. ఆ నైపుణ్యం దేనికి వాడుతున్నావు అని ధమ్మం అడుగుతుంది. దొంగతనానికీ నైపుణ్యం కావాలి. ఉంది కదా అని అది సమ్యక్ జీవనోపాధి అవ్వదు.

పైగా ఆ నైపుణ్యం ఎంతవరకు పనిచేస్తుందో చూడండి. ఇంగ్లండులో లివర్‌పూల్ దగ్గర ఏంట్రీ అనే చోట ఏటా గ్రాండ్ నేషనల్ అనే పందెం జరుగుతుంది. నాలుగు మైళ్లకు పైగా దూరం, దారిలో 30 కంచెలు. గుర్రం జాకీని మోసుకుంటూ అవన్నీ దూకాలి. సీజను మొదలయ్యే ముందు పత్రికల నిండా జోస్యాలే. 1967లో 44 గుర్రాలు దిగాయి. 23వ కంచె దగ్గర, జాకీ పడిపోయి ఒంటరిగా పరిగెడుతున్న గుర్రం ఒకటి అడ్డం తిరిగింది. వెనకొచ్చినవన్నీ ఒకదాని మీదొకటి పడ్డాయి, ఆగిపోయాయి. ఎక్కడో వెనకబడి వస్తున్న ఫోయినవాన్ అనే గుర్రం ఆ గందరగోళంలోంచి దారి చేసుకుని గెలిచింది. దాని మీద రూపాయికి వంద రూపాయలిస్తామన్నారు, అంటే అది గెలుస్తుందని దాదాపు ఎవరూ అనుకోలేదు. అంతమంది నిపుణుల లెక్కలో లేనిది ఆ అడ్డం తిరిగిన ఒక్క గుర్రమే. గెలిచిన గుర్రానికి విజయం దక్కింది మిగతావి పడిపోవడం వల్ల.

రెండో ప్రశ్న: తప్పితే ఎవరికి నష్టం?

టిప్పు చెప్పినవాడికి నష్టం లేదు. టిప్పు అమ్ముకుంటే దాని డబ్బు ముందే వస్తుంది, గుర్రం తర్వాత పరిగెడుతుంది. పందెం ఆడించేవాడికీ నష్టం లేదు. ఒక చిన్న లెక్క వేద్దాం. వంద మంది తలా వంద రూపాయలు వేశారు, మొత్తం 10,000. ఆడించేవాడు పదో వంతు తీసుకుంటాడనుకోండి. పంచుకోవడానికి 9,000 మిగిలింది. ఆ డబ్బంతా మళ్లీ కాస్తే 8,100. అలా ఏడో ఆట అయ్యేసరికి వంద మంది చేతుల్లో కలిపి మిగిలేది 4,783 రూపాయలు. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా, మీ జోస్యం నిజమైనా, అబద్ధమైనా ఈ లెక్క మారదు. పన్నులు, తాగుడు, బరి పక్కన గుండాట, పై పందాలు ఇందులో కలపనే లేదు.

మరి ఓడిన డబ్బు ఎవరిది? "ఇష్టపడే కాశాడు, ఎవరూ లాక్కోలేదు కదా" అంటారు. రెండో శీలం ఇవ్వనిదాన్ని తీసుకోవద్దంటుంది. కాసినవాడు ఇచ్చాడు, నిజమే. కానీ ఆ డబ్బు అతనొక్కడిదేనా? అందులో పలాస జీడి ఫ్యాక్టరీలో వేళ్లు కాలుతున్నా గింజలు వలిచిన భార్య కూలి ఉంది. పిల్ల కాలేజీ ఫీజు ఉంది. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి ఎక్కడుంది? ఆ డబ్బులో ముసలి తండ్రి డయాలసిస్‌కి వెళ్లే బండి ఖర్చు ఉంది. వీళ్లలో ఎవరినైనా అడిగాడా?

విధుర పండిత జాతకంలో ఇంద్రప్రస్థం రాజు పాచికలాడి ఓడిపోతాడు. రాజు రాజుగానే ఉంటాడు. అతన్నీ రాజ్యాన్నీ కాపాడుకొచ్చిన జ్ఞాని విధురుడు, గెలిచిన యక్షుడి వెంట వెళ్లాల్సి వస్తుంది. పందెం కాసింది ఒకరు, మూల్యం చెల్లించింది మరొకరు. మన ఇళ్లలో ఈ విధురులు ఆడవాళ్లు, పిల్లలు.

ఇక అసలు అడగనే అడగనిది జంతువును. కోడి కత్తి కట్టమని అడగలేదు. గుర్రం కంచె ఎత్తు ఎంత ఉండాలో చెప్పలేదు. కంచెలు దూకే పందాల్లో గుర్రాలు పడి కాళ్లు విరిగి చనిపోవడం ఆ పందాలు నడిపేవాళ్లకే తెలిసిన సంగతి. అందుకే గ్రాండ్ నేషనల్‌లో దిగే గుర్రాల్ని 2024 నుంచి 40 నుంచి 34కి తగ్గించారు. ఆస్ట్రేలియాలో దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రం 2022లో ఈ దూకుడు పందాలనే చట్టంతో ఆపేసింది. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం జంతువుల్ని రెచ్చగొట్టి కొట్లాడించడాన్ని నేరమంది.

"కోడిని కూర వండుకుంటాం కదా, అప్పుడు లేని జాలి బరిలో ఎందుకు?" అని అడిగేవాళ్లున్నారు. తినడం గురించి ఎవరి మనసును వారు వేరుగా ప్రశ్నించుకోవాల్సిందే, ఆ ప్రశ్నను నేను దాటవేయను. కానీ తినేవాడికి కోడి బాధ అవసరం లేదు, త్వరగా ప్రాణం పోతే అతని పని అయిపోతుంది. బరి చుట్టూ నిలబడ్డవాడికి ఆ బాధే కావాలి. అదే అతని వినోదం. మనసులో కరుణ ఉండాల్సిన చోట కేరింత మొలిస్తే, ఆ మనసు రేపు మనుషుల బాధ చూసినా అలాగే ఉంటుంది. సకల జీవుల పట్ల కరుణ చూపుతానని బాబాసాహెబ్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మంది చేత చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ఒక ప్రతిజ్ఞ. అది బరి దగ్గర మినహాయింపున్న ప్రతిజ్ఞ కాదు.

మూడో ప్రశ్న: నిజమైతే ఎవరికి మేలు?

జోస్యం నిజమైందనుకోండి. మీరు గెలిచారు. సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు సిగాలుడనే గృహస్థు కొడుక్కి జూదం వల్ల ఆరు నష్టాలు చెప్తాడు. అందులో మొదటిది గెలిచినవాడి గురించే ఉంది. గెలిచినవాడికి శత్రువులు పుడతారు. మిగతావి ఓడినవాడి ఏడుపు, చేతిలో సొమ్ము పోవడం, సభలో అతని మాటకు విలువ లేకపోవడం, స్నేహితులు చులకన చేయడం, పెళ్లాం పిల్లల్ని పోషించలేడని ఎవరూ పిల్లనివ్వకపోవడం. రెండున్నర వేల ఏళ్ల కిందటి జాబితా ఇది. మన వీధిలో పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు పెద్దలు గుసగుసగా అడిగే ప్రశ్న ఈనాటికీ అదే కదా!

గెలిచిన వంద ఎక్కడి నుంచి వచ్చింది? పొలంలో పండలేదు, వలలో పడలేదు. పక్కవాడి ఇంట్లోంచి వచ్చింది. తుపాను జోస్యం నిజమైతే ఊరంతా బాగుపడుతుంది. పందెం జోస్యం నిజమైతే ఒకడి పొయ్యి వెలగడానికి పదిమంది పొయ్యిలు ఆరిపోతాయి.

బుద్ధుడు రెండింటినీ ఒకేచోట ఎందుకు పెట్టాడు?

దీఘనికాయంలో మొదటిది బ్రహ్మజాల సుత్తం. శ్రమణుడు వదులుకోవాల్సినవి అందులో వరుసగా వస్తాయి. ఏనుగుల పోట్లాట, గుర్రాల పోట్లాట, పొట్టేళ్ల పోట్లాట, కోళ్ల పోట్లాట చూడటం ఒక వరుసలో ఉంటుంది. ఇంకాస్త ముందుకెళ్తే గుర్రం లక్షణాలు, ఎద్దు లక్షణాలు, కోడి లక్షణాలు చూసి ఫలితం చెప్పి బతకడం, ఏ రాజు గెలుస్తాడో ఏ రాజు ఓడతాడో జోస్యం చెప్పడం ఇంకో వరుసలో ఉంటుంది. అవి భిక్షువుల నియమాలు, నిజమే. కానీ మనలాంటి గృహస్థులకూ అందులో ఒక పాఠం ఉంది.

పోట్లాట పెట్టినవాడి చేతికి నెత్తురంటుతుంది. జోస్యం చెప్పినవాడి చేయి శుభ్రంగా కనిపిస్తుంది. కానీ ఏది గెలుస్తుందన్న ఆశ లేకపోతే పందెం లేదు. పందెం లేకపోతే బరి లేదు, సీజనూ లేదు. ఒట్టినే కోళ్లను కొట్టించి చూడటానికి ఎవడూ లక్షలు పెట్టి పందిరి వేయడు. కూలి మనిషి జేబులోంచి డబ్బు బయటికి రావాలంటే ముందు అతని చెవిలో ఒక మాట పడాలి: "ఇది గెలుస్తాది." పందానికి మొదటి మెట్టు ఆ మాటే. మొదట్లో అడిగిన ప్రశ్నకు ఇదే నా జవాబు. టిప్పు చెప్పినవాడు ఏ శీలమూ పైకి తప్పినట్టు కనబడడు, కానీ మిగతావాళ్లు శీలాలు తప్పడానికి తలుపు తీసేది అతనే.

నోరు తెరిచే ముందు ఆ మాట నిజమా, మేలు చేసేదా, చెప్పడానికి ఇది సమయమా అని చూసుకోవాలని సమ్యక్ వాక్కు నేర్పుతుంది. పందెం టిప్పు మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతుంది.

సంప్రదాయం మాటేటి?

"తాతల నాటి నుంచీ ఉంది" అంటారు. తాతల నాటి కథే వినండి. పల్నాడులో కోడిపందెంలో ఓడినవాళ్లు ఏడేళ్లు వలసపోయారని, అది చివరికి అన్నదమ్ముల యుద్ధందాకా వెళ్లిందని వీరగాథ చెప్తుంది. ఆ సంప్రదాయం ఇచ్చిన హెచ్చరికను వదిలేసి, పందాన్ని మాత్రం పట్టుకున్నాం.

మన నేలకు ఇంకా పాత సంప్రదాయం ఉంది. ఇచ్ఛాపురం దాటి బరంపురం అవతలకి వెళ్తే గంజాం జిల్లాలో జౌగడ దగ్గర అశోకుని శాసనాలున్నాయి. అందులో మొదటిది జీవహింసను వద్దంటుంది, జనం గుమికూడే 'సమాజ' ఉత్సవాల్లో చాలా దోషాలు కనిపిస్తున్నాయంటుంది, మంచి సమాజాలు కూడా కొన్ని ఉన్నాయంటుంది. కళింగలో గెలిచి, ఆ గెలుపును చూసి దుఃఖపడ్డ రాజు మాటలవి. ఉత్సవం మానమని కాదు, ఏ ఉత్సవమో చూసుకోమని.

మంచి ఉత్సవాలు మనకు తక్కువా? తప్పెటగుళ్లున్నాయి, జముకుల కథ ఉంది. సంగిడి రాయి ఎత్తే పోటీలున్నాయి. సంగిడి ఎత్తేవాడు తన ఒంటి బలాన్ని తానే పరీక్షించుకుంటాడు, వేరే ప్రాణి వీపు మీద తన పేరు రాసుకోడు. కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన ప్రాంతం ఇది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఆమదాలవలస పక్కన ఊసవానిపేట పిల్ల. గెలుపంటే ఏమిటో పిల్లలకు చూపించాలంటే ఇవి చాలవా?

ఈ సీజనుకు నా జోస్యాలు

అందరూ చెప్తున్నారు కాబట్టి నేనూ చెప్తాను. కారణాలు చూసి చెప్తున్నాను, పైసా అక్కర్లేదు.

ఒకటి. కాసినవాళ్లందరూ కలిపి తెచ్చినదానికంటే తక్కువే ఇంటికి తీసుకెళ్తారు.

రెండు. ఆడించినవాడి వాటా ఏ ఆటలోనూ తప్పదు.

మూడు. గెలిచినవాళ్లలో చాలామంది ఆ డబ్బు ఇల్లు చేర్చరు, తర్వాతి పందెంలో కాస్తారు.

నాలుగు. కత్తి కట్టి దించిన రెండు కోళ్లలో ఒకటి చస్తుంది, చాలాసార్లు గెలిచినదీ ఎక్కువ రోజులు బతకదు. కంచెలు దూకిన గుర్రాల్లో కొన్ని పడతాయి.

ఐదు. టిప్పులు చెప్పినవాళ్లు తప్పిన టిప్పులు మర్చిపోయి, నెగ్గిన ఒక్కదాన్ని వచ్చే ఏడు దాకా చెప్పుకుంటారు.

ఏ గుర్రం, ఏ కోడి అని మాత్రం అడక్కండి. అది తెలిసినా ఈ ఐదింటిలో ఒక్కటీ మారదు.

మనం చేయాల్సింది

ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించారు. 2025లో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపుతూ దేశమంతటికీ చట్టం చేసింది. చట్టాలు అవసరమే. కానీ చట్టం ఫోనులో ఒక తలుపు మూస్తే ఆశ ఇంకో తలుపు వెతుక్కుంటుంది. ఆశను చూసుకోవాల్సింది మనం.

కూలి డబ్బు చేతికందిన రోజే ఇంట్లో అందరూ కూర్చోండి. ఫీజు ఎంత, మందులెంత, అప్పెంత అని పిల్లల ముందే లెక్క రాయండి. ఆ డబ్బు ఎంతమందిదో అప్పుడు కనిపిస్తుంది. ఎవరైనా "ఏది గెలుస్తాది?" అని అడిగితే, తెలిసినట్టు అనిపించినా చెప్పకండి. ఉచితంగా చెప్పినా సరే, ఆ మాట ఎవరి ఇంటికి వెళ్లి ఆగుతుందో మీకు తెలీదు. పండగ మూడు రోజుల్లో ఒక రోజు పిల్లల్ని తీసుకుని శాలిహుండం వెళ్లండి. వంశధార పక్కన ఆ కొండ మీద స్తూపాల మధ్య కాసేపు కూర్చోండి.

చివరిగా ఒక విన్నపం. ఇప్పటికే పందాల్లో మునిగి అప్పులపాలైనవాళ్లు మన మధ్యే ఉన్నారు. వాళ్లను చులకన చేయకండి. చులకన చేస్తే వాళ్లకు మిగిలే చోటు మళ్లీ ఆ బరే, ఆ ఫోనే. అన్నో, బావో, తమ్ముడో అని పిలిచి పక్కన కూర్చోబెట్టండి. ఎవరికెంత ఇవ్వాలో అతని చేతే రాయించండి. ఇంట్లో ఆడవాళ్లకు నిజం చెప్పించండి. పోయిన డబ్బు మళ్లీ పందెంలోనే రాబట్టుకోవాలన్న ఆశను వదలడమే మొదటి పని అని చెప్పండి. ఒక్కసారి చెప్తే వినరు, పదిసార్లు వెళ్లండి. కరుణ కోడికీ గుర్రానికీ ఎంత అవసరమో, వాటి మీద కాసి ఓడిపోయిన మనిషికీ అంతే అవసరం.

అందరికీ మంగళం కలుగుగాక. జై భీమ్!